పెళ్లికాని బాలింత

ఎనభైల్లో మా పల్నాటి ఊళ్లలో పిల్లలు పుట్టేవాళ్లు, పోయేవాళ్లు. లెక్కలోకి మాత్రం మిగిలినవాళ్లే వచ్చేవాళ్లు. పురిటిస్నానం దాకా నిలవని బిడ్డను అసలు పుట్టినట్టే అనుకునేవారు కాదు. పోయిందని కూడా అనేవారు కాదు, "వచ్చి చూసి వెళ్లింది" అనేవారు, చుట్టపుచూపుగా వచ్చి మంచినీళ్లయినా తాగకుండా బస్సెక్కిన మనిషి గురించి చెప్పినట్టు. అందుకే మా ఊరి ఆరోగ్య రిజిస్టరులో 'చనిపోయిన శిశువులు' అనే గడి ఎప్పుడూ తెల్లగా, కడిగిన ముత్యంలా ఉండేది. ఆ తెలుపు చూసి పై ఆఫీసువాళ్లు ఒకసారి మా ఊరిని మెచ్చుకున్నారు కూడా. (ఆ మెప్పు నాదేననుకుని పొంగిపోయి స్వామికి కొబ్బరికాయ కొట్టాను. దేనికి కొడుతున్నానో ఆయనకు తెలిసే ఉంటుంది. ఏమీ అనకుండా పుచ్చుకున్నాడు.)

ఆ రిజిస్టరు రాసే భాగ్యం నాకు మా నాన్న వల్ల దక్కింది. ఆయన గురజాల దగ్గర నాపరాళ్ల క్వారీలో గుమాస్తా. బడి పక్క ఊళ్లో ఉండేది, మధ్యలో రాళ్ల లారీలు తిరిగే రోడ్డు. ఆడపిల్లను ఆ రోడ్డు దాటించడానికి ధైర్యం చాలక ఆయనే నాకు చదువు చెప్పాడు. మా ఇంట్లో నేల నాపరాయి, గోడలు నాపరాయి, నా పలక కూడా నాపరాయే. దాని మీద పొద్దున స్వామి నామాలు, సాయంత్రం ఎక్కాలు. ఏ పరీక్షా రాయలేదు గానీ అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ఊరికి ఆరోగ్య కార్యకర్త కావాలన్నప్పుడు పెద్దలు ఆ గుండ్రటి అక్షరాలు చూసి, "గుమాస్తాగారి పిల్లకి ఇయ్యండి, ఎటూ ఇంకా సమ్మందం కుదర్లేదుగా" అని తీర్మానించారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నాకు పెళ్లి కాకపోవడం ఒక అర్హతగా లెక్కకు రావడం అదే మొదటిసారి. అది అక్కడితో ఆగలేదు, చెబుతాను.

నా పని గురజాల నుంచి బస్సులో వచ్చే నర్సమ్మ వెంట ఇల్లిల్లూ తిరగడం, ఆమె అడిగింది అడగడం, వాళ్లు చెప్పింది రాయడం. ఆమె పెద్ద గొంతు, పెద్ద మనసు ఉన్న మనిషి. ఆవిడకు నేనెంత రుణపడ్డానో చెప్పాలంటే ఈ కాగితాలు చాలవు. జనం చెప్పేది మాత్రం రాయడానికి పనికొచ్చేది కాదు. పిల్లలెంతమంది అంటే "దేవుడిచ్చినంతమంది" అనేవారు. ఇచ్చి తీసుకున్నవాళ్లు ఎంతమంది అంటే తలుపు వేసేవారు. ఇక పసిపిల్లల్ని తూచే కాటా ఒకటి ఉండేది, కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి బిడ్డను అందులో పెట్టేది. అది చూస్తే చాలు, ముసలమ్మలు లేచేవారు. "ఏమే, నా మనవడేమన్నా మేకపిల్లనా, అట్టా ఏలాడదీస్తన్నావు? కిలో ఎంతకి అమ్ముతావేంది?" అని ఒకామె అడిగిన రోజున నేను కాటా నా వీపు వెనక దాచుకుని ఇంటికొచ్చేశాను.

క్వారీ పక్కనే పనికిరాని రాతిముక్కలు పేర్చి కట్టిన గుడిసెల వరస ఒకటి ఉండేది. చివరి గుడిసె పొడుగక్కది. అందరూ ఆమెను అలాగే పిలిచేవారు, గుడిసె గుమ్మంలో వంగకుండా దూరలేనంత పొడుగు. మొగుడు రాయి పగలగొట్టేవాడు, ఈమె మోసేది. అత్త పేరు నాకిప్పటికీ తెలియదు. నోట్లో చుట్ట ఆరేది కాదు గనుక చుట్టల అవ్వ అనేవాళ్లం. ఆ వరసలో కాన్పులన్నీ ఆ అవ్వే చేసేది. పొడుగక్కకు పుట్టిన బిడ్డలందరూ బొద్దుగా పుట్టి, వాడంతా వినబడేలా ఏడ్చి, వారం తిరిగేలోగా దవడలు బిగుసుకుని, పాలు మాని, విల్లులా వంగిపోయి వెళ్లిపోయారు. నర్సమ్మ ఆ జబ్బును ధనుర్వాతం అనేది. కొడవలితో బొడ్డు కోసి, పైన పేడ, బూడిద పెట్టడం వల్ల వస్తుందనీ, కడుపుతో ఉన్నప్పుడే సూది వేయించుకోవాలనీ చెప్పి చెప్పి ఆమె గొంతు పోయింది. అవ్వ చుట్ట తీసి, "నా మొగుడి బొడ్డుకీ అదే పెట్టారు తల్లీ. డెబ్బయ్యేళ్లు బతికి నన్ను కాల్చుకు తిన్నాడు. గాలి సోకి పోయిన పిల్లలకి నా కొడవలేం చేసింది?" అనేది.

పొడుగక్క మళ్లీ కడుపుతో ఉందని ఊరంతా ఎరిగినా, ఆమె మాత్రం ఒప్పుకునేది కాదు. "నెల తప్పిందా అక్కా?" అంటే, "లేదు చెల్లే, గాలి పొట్ట" అనేది. ఆ గాలి పొట్ట వారం వారం పెరిగి, చెంగు కప్పినా దాగనంత అయింది. చివరకొక రోజు నన్ను గుడిసె పక్కకు తీసుకుపోయి, నా చెయ్యి పట్టుకుని, "సూదేస్తే పేరు రాయాలంటగా. రాయబాక చెల్లే. నీకు ముందున్నామె పోయినసారి కడుపుతో ఉన్నానని రాసుకుపొయ్యింది. పైనా ఒకడు రాసుకుంటా కూచ్చుంటాడు. నువ్విక్కడ రాస్తే వాడికాడ కనపడుద్ది" అంది. దైవం మీద నాకున్న నమ్మకానికి ఆ మాట కొట్టిపారెయ్యబుద్ధి కాలేదు. (పైన రాసుకునే ఆయన కూడా మా నాన్నలాగా, నాలాగా గుమాస్తానే కదా, చేతికందిన కాగితం చూడకుండా ఉండడు అనిపించింది.) నేను రాయలేదు. సూదీ పడలేదు. నర్సమ్మ మాత్రం, "ఈ బిడ్డను నిలబెట్టాలంటే ఇంక బొడ్డు ఒక్కటే మన చేతిలో ఉంది. దాని మీద ఏం పడకుండా చూడాల" అని, నా దగ్గర కొత్త బ్లేడు, మరగబెట్టిన దారం, ఉతికిన గుడ్డలు పెట్టించింది.

నొప్పులు ఒక మిట్టమధ్యాహ్నం మొదలయ్యాయి. స్వామి దయవల్ల ఆ రోజు నర్సమ్మ ఊళ్లోనే ఉంది. మేం పరుగెత్తేసరికి గుడిసె తలుపుకు అవ్వ చాప అడ్డం పెట్టింది. బిడ్డ ఏడుపు వినబడ్డాకే తొలగించింది. లోపల ఆడపిల్ల, ఎర్రగా, కోపంగా. అవ్వ చేతిలో కొడవలి. నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగవ్వా. బ్లేడు తెచ్చినాం."

"నీ బ్లేడు నీకాడే పెట్టుకో. ఈ బిడ్డని ఎట్టా నిలబెట్టుకోవాల్నో మేం ముందే అనుకున్నాం. బొడ్డు కోసి, పెంట మీద దొర్లించి, అమ్మేస్తాం."

బయటి ఊళ్లవాళ్లకు ఇది చెప్పాలి. పిల్లలు నిలవని ఇంట్లో, పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, చేటలో వేసి, వేరే ఇంటామెకు తవుడుకో నూకలకో అమ్మేవారు. పెంటమ్మ అనో మరొకటో చీదర పేరు పెట్టేవారు. అప్పుడా బిడ్డ కన్నామెది కాదు, కొన్నామెది. తీసుకుపోవడానికి వచ్చేవాడు పాత గడపలో వెతికి, దొరక్క, తిరిగి పోతాడని.

"ఎవురికి అమ్ముతున్నావు?" అంది నర్సమ్మ.

అవ్వ చుట్టతో నన్ను చూపించింది. "నాకా? నాకెందుకవ్వా? పిల్లలు బతికినామెకు అమ్ముతారు గదా?"

"ఈ వరసలో పిల్లలు పోని కొంప యాడుందే? ఇరుగూ పొరుగూ అందరి ఇళ్లూ వాడికి తెలుసు. పెళ్లికాని పిల్ల ఇంట్లో పసిబిడ్డ ఉంటదని వాడి కలలోకన్నా వస్తదా? నీ గడప తొక్కడు."

ఇంతకు మించిన తర్కం నేను ఇప్పటివరకు వినలేదు. నర్సమ్మ కళ్లు మెరిశాయి. కొడవలి పట్టిన చెయ్యి వదలకుండానే, "అయితే ఇప్పుడే అమ్మవ్వా. బొడ్డుతో సహా కొంటది మా పిల్ల!" అంది. నా వైపు తిరిగి, "ఏందే చూస్తా నిలబడ్డావు? పో, తవుడు తీసుకురా!" అని కసిరింది. ఎండలో, చెప్పులు కూడా వేసుకోకుండా, మా గేదె కోసం ఉంచిన తవుడు చెంగులో పోసుకుని వీధి వెంట పరుగెత్తాను. ఎదురొచ్చిన వాళ్లు ఏంది ఏంది అని అడిగితే, "బిడ్డను కొనాలి!" అన్నాను. మా అమ్మ వెనక నుంచి కేకలు వేస్తూనే ఉంది.

చేటలో తవుడు పోసి, దాని మీద ఉతికిన గుడ్డ పరిచి, బొడ్డు ఇంకా కొయ్యని బిడ్డను అందులో పడుకోబెట్టారు. పొడుగక్క గోడవైపు తిరిగి పడుకుంది. అవ్వ చెప్పినట్టు నేను, "ఈ బిడ్డ ఎవరిది?" అని అడిగాను. "నాకు తెలవదు" అని గోడతో చెప్పింది ఆమె. "అయితే నేను తీసుకుంటున్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నర్సమ్మ బ్లేడుతో బొడ్డు కోసి, దారం కట్టింది. అవ్వ చేట ఎత్తి పెంటకుప్ప వైపు కదలబోతే, ఎక్కడ నుంచి వచ్చిందో ధైర్యం, "నా బిడ్డను పెంట మీద పెట్టడానికి వీల్లేదు. పెంటమ్మ అని పేరు పెడితే చాలు" అన్నాను. అవ్వ నన్ను కింద నుంచి పై దాకా చూసింది. "కొన్నావు గందా. నీ సొమ్ము, నీ ఇష్టం" అని చేట దించింది. ఎన్నో నెలలు బోధించినా మేం సాధించలేనిది చెంగెడు తవుడుతో దొరికింది. స్వామి ఏ దారి తెరుస్తాడో, అది గేదె కుడితి తొట్టి పక్క నుంచి కూడా పోవచ్చు.

రిజిస్టరులో ఎక్కించకపోతే నర్సమ్మ రోజూ రావడానికి లేదు, తర్వాత టీకాలకూ ఇబ్బంది. పొడుగక్క పేరు రాయడానికి వీల్లేదు. నర్సమ్మ, "తల్లి పేరుకాడ నీ పేరే రాయి. బిడ్డ నిలబడ్డాక మారుద్దాం" అంది. గుండ్రంగా రాశాను. ఆ క్షణం నుంచి ఆమె నన్ను 'బాలింతా' అని తప్ప పిలవలేదు.

పాలు కావాలి గనుక బిడ్డ ఆ గుడిసెలోనే ఉండిపోయింది, మాటకు మాత్రం నాది. ఆ వారమంతా పొద్దున్నే పోయి అధికారం చలాయించేదాన్ని. బొడ్డు మీద ఏమన్నా పెట్టారా అని విప్పి చూసేదాన్ని. పొడుగక్క, నన్ను చెల్లే అని పిలిచిన మనిషి, "అమ్మగారూ, మీ బిడ్డ రాత్రంతా ఏడ్చిందండీ, నేను పాలిచ్చే కూలిదాన్ని, నాకేం తెలుసు?" అని గట్టిగా, ఇంటి కప్పు వైపు చూసి చెప్పేది. నేను కూడా కప్పుకు వినబడేలా, "సరిగ్గా పాలియ్యకపోతే వేరే మనిషిని పెట్టుకుంటా" అని దబాయించేదాన్ని. అవ్వ, "ఏమే, పిల్లని కని ఎరగవు గానీ అత్తగారి పెత్తనం బాగా నేర్చావే" అని పొగ వదిలేది. నవ్వొచ్చేది. బయటికొచ్చాక వారానికి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని.

పోయిన బిడ్డలు పాలు మానిన రోజే ఈ బిడ్డా మానింది. నేను పోయేసరికి పొడుగక్క మొగుడు పనిలోకి పోకుండా బయట రాయి మీద కూచున్నాడు, పలుగు పక్కన పెట్టుకుని. ఆ పలుగు దేనికి తెచ్చుకున్నాడో నాకు అర్థమైంది. ఇంతకు ముందు పోయిన బిడ్డలకు గోతులు ఆయనే తవ్వాడు. పొడుగక్క రొమ్ము అందిస్తుంది, బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది. అవ్వ చుట్ట వెలిగించలేదు. నేను బిడ్డ దవడ ముట్టుకోవడానికి భయపడి, నాకొచ్చిన నామాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపి చదువుకుంటూ కూచున్నాను, ఏ దేవుడికి ఏది చెందిందో నాకే తెలియలేదు. మధ్యాహ్నం బస్సుకు నర్సమ్మ వచ్చింది. తన చిటికెన వేలు కడుక్కుని బిడ్డ నోట్లో పెట్టింది. దవడ మెత్తగా ఉంది. తర్వాత ముక్కు చూసి, గుడ్డ కొసను వత్తిలా మెలిపెట్టి శుభ్రం చేసి, అరికాలి మీద వేలితో తట్టింది. పెంటమ్మ క్వారీ ఆగిపోయేలా కేకపెట్టి, రొమ్ము పట్టుకుంది. "జలుబు! అవ్వా, నీ చుట్ట పొగ!" అని నర్సమ్మ అరిచింది. అవ్వ ఏడుస్తూ, "నా నోరు పడిపోను, ఇంక ముట్టను" అంది. (సాయంత్రానికి మళ్లీ ముట్టించింది. కాకపోతే గుడిసె బయట.) పొడుగక్క మొగుడు ఎవరూ చూడకుండా పలుగు తీసుకుని పనిలోకి పోయాడు.

ఈలోగా మా రిజిస్టరు నకలు పై ఆఫీసుకు వెళ్లింది. ఆ రోజుల్లో వాళ్లకు పుట్టిన బిడ్డ మీదకంటే, కన్నామె మళ్లీ కనకుండా చూడడం మీద ఎక్కువ ధ్యాస. బాలింతల పేర్లన్నీ ఏరి, ఆపరేషన్లకో లూపులకో ఒప్పించమని టార్గెట్లు పంపేవారు. ఆ జాబితాలో నా పేరు కూడా పోయింది. ఒక రోజు జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. దిగినాయన్ను మేం తర్వాత టార్గెట్ల సారు అనేవాళ్లం. నాన్న అరుగు మీద పారాయణం చేసుకుంటున్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను.

"ఇంట్లో బాలింత ఉన్నారటండీ?"

"ఉందండీ. మా పెద్దమ్మాయి" అన్నాడు నాన్న. ఆయన నోట అబద్ధం రాదు. అడగనిది చెప్పే అలవాటూ లేదు.

"సంతోషం. అల్లుడుగారు ఏం చేస్తుంటారు?"

"ఇంకా వెతుకుతున్నామండీ."

సారు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "పారిపోయాడా?"

"అబ్బే, దొరకలేదండీ. చిలకలూరిపేట సంబంధం ఒకటి అనుకుంటున్నాం."

ఆయన మొహంలో రంగులు మారడం తలుపు సందులోంచి చూసి నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. నాన్న నెమ్మదిగా సంగతంతా చెప్పాక నవ్వు నాకు తప్ప ఎవరికీ రాలేదు. దొంగ పేరు రాసినందుకు నర్సమ్మ ఉద్యోగం పోతుందని సారు లేచాడు. కన్నామెను తనే అడిగి, అక్కడికక్కడే నా పేరు కొట్టేసి ఆమె పేరు రాయిస్తానన్నాడు. రిజిస్టరు పట్టుకుని ఆయన వెనక క్వారీ దాకా నడిచాను. నవ్వు దారిలోనే ఎండిపోయింది.

పొడుగక్క రాళ్లు మోస్తోంది. బిడ్డను అవ్వ ఎత్తుకుని ఉంది. పనివాళ్లంతా ఆగారు. సారు అడిగాడు, "ఈ బిడ్డ నీదేనా అమ్మా?"

బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. "కాదయ్యా" అంది పొడుగక్క.

"భయపడకు. నీదని చెబితే చాలు, పేరు మారుస్తాం."

"నాది కాదయ్యా. అమ్మగారిది" అని నన్ను చూపించింది. బిడ్డ గుక్కపెట్టి ఏడ్చేకొద్దీ ఆమె రవిక రెండువైపులా తడుస్తూ వచ్చింది. తడి పొట్ట దాకా జారింది. ఆమె చెంగు కూడా కప్పుకోలేదు, చేతుల్లో రాయి ఉంది. సారు అది చూసి చూపు దించుకున్నాడు. దించుకునే, "మరి నీ పిల్లలేరి?" అన్నాడు. అడగకూడని మాట అని అడిగాక ఆయనకే తెలిసినట్టుంది. ఆమె గడ్డంతో క్వారీ అవతల చెత్తరాళ్ల కుప్పను చూపించింది. "ఆడున్నారు."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. "ఇందులో ఎక్కడా లేరే?" అన్నాడు నన్ను చూసి.

"పురుడు దాటలేదయ్యా" అంది అవ్వ. "పేర్లన్నా పెట్టలా. ఏమని రాస్తారు?"

సారు చాలాసేపు ఆ తెల్లటి గడులే చూశాడు. ఇప్పుడు రాయమంటారా అని అడిగాను. "ఆ సంవత్సరాల లెక్కలు పైకి పోయాయమ్మా. మూసేసినదాంట్లో చేర్చడానికి ఉండదు" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. జీపెక్కే ముందు, "ఈ బిడ్డ గీత ఇట్లాగే ఉండనీ. ఆమె నాది అన్న రోజు మార్చండి" అన్నాడు. ఆయన కర్కోటకుడని అనుకున్నందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కానీ కుప్ప కింద ఉన్నవాళ్లు ఏ దేశపు లెక్కలోనూ పుట్టలేదు, పోలేదు. ఇప్పటికీ ఆనాటి అంకెలు ఎక్కడన్నా కనబడితే, మా ఊరి గడి దగ్గర నా కన్ను ఆగిపోతుంది.

పెంటమ్మ బోర్లాపడింది, పాకింది, రాళ్లు పట్టుకుని నిలబడింది. పొడుగక్క మాత్రం నాది అనలేదు. ఏడాది నిండినా అనలేదు. నేనే అడిగితే, "ఇంకొన్నాళ్లు మీకాడే ఉండనీయండమ్మా" అనేది. నాకూ బాగానే ఉండేది, చెప్పొద్దూ. చిలకలూరిపేట సంబంధం ఖాయమయ్యాక కూడా, పెళ్లి పనులు వదిలేసి పోయి, ఎత్తుకుని, క్వారీ అంతా తిప్పేదాన్ని.

ఒక సాయంత్రం పని దిగే వేళ, నేను, నర్సమ్మ గుడిసె ముందు నిలబడి ఉన్నాం. పెంటమ్మ గోడ వదిలి నా వైపు నడిచింది. నేను కూచుని చేతులు చాచాను. సగం దూరం వచ్చి, రాయి తగిలి, మొహం మీద పడింది. చప్పుడైంది. ఏడుపు రాలేదు. అప్పుడు రాళ్ల తట్ట పారేసి, "నా తల్లే! నా బిడ్డే!" అని కేక వేస్తూ పొడుగక్క పరుగెత్తుకొచ్చింది.

క్వారీ అంతా విన్నది. అవ్వ నోట్లోంచి చుట్ట జారిపోయింది. కేక వేసినామే తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుని, పైకి చూసి నిలబడిపోయింది, ఇప్పుడే దెబ్బ పడుతుందన్నట్టు. ఏ దెబ్బా పడలేదు. పెంటమ్మ మట్టి నోటితో తలెత్తి, చాచిన నా చేతుల్నీ, ఆ పొడుగాటి మనిషినీ చూసి, మూతి విరిచి, ఆమె వైపు పాకింది.

"తీసుకో అక్కా" అన్నాను. "నీదేగా."

ఆమె బిడ్డను ఎత్తుకుని చెంగులో దాచి, వంగడం మరిచిపోయి, తల గుమ్మానికి కొట్టుకుని లోపలికి పోయింది. లోపల నుంచి ఇద్దరి ఏడుపూ కలిసి వినిపించింది. నర్సమ్మ ముక్కు చీదుకుంది. స్వామీ, నీ దయ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. నా చేతులు మాత్రం ఇంకా చాచే ఉన్నాయి. పెళ్లి నిశ్చయమైన పిల్ల, ఒక్క కాన్పూ ఎరగని పిల్ల, నలుగురి ముందు ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియక, జారని పైట సర్దుకుని, ఊడని జడ ముడేసుకుని, లేని దుమ్ము దులుపుకుంది. ఎవరూ కనిపెట్టలేదనే ఆ రోజంతా నమ్మింది, పాపం.